ఒక బానిస ఆత్మకథ – నేను చెప్పిన పాఠం

(మన సంఘం వార్షికోత్సవ సభలో విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకులొకరు చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల కిందట కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి ‘విద్య – దాని ప్రాముఖ్యం’ అనే విషయం మీద అరగంట మాట్లాడమన్నారు. ప్రాముఖ్యం మీద మాట్లాడటం నాకు చేతకాదండీ, జీవితమంతా పాఠాలు చెప్పినవాణ్ణి, చేతిలో పుస్తకం లేకపోతే నోరు పెగలదు అన్నాను. అయితే ఏదో ఒక పుస్తకం గురించే చెప్పండి అన్నారు. పదకొండేళ్లు ఎం.ఏ. పిల్లలకు చెప్పిన ఒక చిన్న పుస్తకం ఉంది, అమెరికాలో ఒక నల్లజాతి బానిస తన కథ తనే రాసుకున్నది, దాన్ని గురించి చెబుతానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, ‘డి.ఏ. బకాయిల సంగతి తేలని సభలో అమెరికా బానిస ఎందుకొచ్చాడండీ’ అన్నారు. అయినా పెద్దమనసుతో ఒప్పుకున్నారు. వారికి నా కృతజ్ఞతలు.

ఆ బానిస పేరు ఫ్రెడరిక్ డగ్లస్. పుస్తకం 1845లో బోస్టన్‌లో అచ్చయింది. నూట పాతిక పేజీలకు మించదు. అతను తన కథను మొదలుపెట్టడమే, ఫలానా ఊరి దగ్గర పుట్టాను గానీ నా వయసెంతో నాకు తెలియదు అని మొదలుపెడతాడు. మేరీలాండ్ రాష్ట్రంలో టాల్బట్ కౌంటీ అనే చోట పుట్టాడు. గుర్రానికి తన వయసు ఎంత తెలుసో బానిసకూ అంతే తెలుసునని, యజమానులకు కావలసింది కూడా అదేనని అతని భావం.

క్లాసులో ఈ మొదటి పేజీ చదివినప్పుడల్లా పిల్లలు జాలిపడేవారు. నాకు మాత్రం లోపల నవ్వొచ్చేది. ఈ సభలో జూలై 1న పుట్టినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా! మా కాలేజీలో జూన్ 30 వచ్చిందంటే పూలదండలు చాలేవి కావు. మనల్ని బళ్లో చేర్చిన రోజున మాస్టారు మన ఎత్తు చూసి, చెయ్యి తల మీదుగా చెవికి అందుతుందో లేదో చూసి, ఒక తేదీ వేసేశారు. సర్వీసు రిజిస్టరులో అదే ఖాయమైపోయింది. ఆ లెక్కన నాకూ నా వయసు తెలియదు. కానీ మనకూ అతనికీ తేడా ఉంది. మనకు తేదీ లేకపోతే బళ్లోకి రానివ్వడానికి ఒక తేదీ కల్పించి ఇచ్చారు. అతని పుట్టుక మాత్రం నిజంగానే ఒక చోట రాసి ఉంది. ఆరన్ ఆంథొనీ అనే మొదటి యజమాని తన బానిసల పుట్టుకలన్నీ ఒక లెడ్జరులో రాసుకున్నాడు. హారియెట్ కొడుకు ఫ్రెడరిక్, 1818 ఫిబ్రవరి అని అందులో ఉంది. ఆస్తి పెరిగినప్పుడు లెక్కలో చేర్చుకోవాలి కదా! ఆ పద్దు ఎవరి గురించో అతనికి మాత్రం ఎవరూ చూపించలేదు. 1895 ఫిబ్రవరి 20న చనిపోయేదాకా తాను 1817లో పుట్టాననే అనుకున్నాడు. ఆ లెడ్జరు సంగతి లోకానికి తెలిసింది ఇరవయ్యో శతాబ్దంలో.

తల్లిని అతను నాలుగైదు సార్లకు మించి చూడలేదు. ఆమెను పన్నెండు మైళ్ల దూరంలో వేరే రైతుకు కిరాయికి ఇచ్చారు. పగలంతా పొలంలో పనిచేసి, రాత్రి నడిచి వచ్చి, బిడ్డ పక్కన పడుకుని, తెల్లవారేలోగా మళ్లీ నడిచి వెళ్లిపోయేది. పొద్దు పొడిచేసరికి పొలంలో లేకపోతే కొరడా. అతనికి ఏడేళ్ల వయసులో ఆమె పోయింది. తర్వాత 1855లో రాసిన రెండో పుస్తకంలో ఒక మాట చెప్పాడు. ఆ చుట్టుపక్కల నల్లవాళ్లలో చదవడం వచ్చినది తన తల్లి ఒక్కతేనని ఆమె పోయాక ఎవరో చెబితే తెలిసిందట. ఆమె ఎలా నేర్చుకుందో తెలియదు. తన అక్షరప్రేమ ఆ తల్లి నుంచే వచ్చిందని చెప్పుకున్నాడు. ఈ సంగతి చెప్పినప్పుడు నా క్లాసులో ఆడపిల్లలు తలలు వంచుకునేవారు.

ఎనిమిదేళ్ల వయసులో, 1826 ప్రాంతంలో, అతణ్ణి బాల్టిమోర్ నగరానికి పంపారు. హ్యూ ఆల్డ్ అనే ఆయన ఇంట్లో పసివాణ్ణి ఆడించే పని. ఆయన భార్య సోఫియా. ఆమె అంతకుముందు ఎన్నడూ బానిసను ఏలినది కాదు, పెళ్లికి ముందు మగ్గం మీద పనిచేసుకుని బతికిన మనిషి. నల్లపిల్లవాణ్ణి ఎలా చూడాలో ఆమెకు తెలియక మనిషిలాగే చూసింది. ఏ బి సి డిలు నేర్పింది. మూడు నాలుగు అక్షరాల మాటలు కూడబలుక్కోవడం మొదలయ్యేసరికి భర్తకు తెలిసింది. ఆయన అక్కడే, పిల్లవాడు వింటుండగానే, భార్యను మందలించాడు. బానిసకు చదువు నేర్పడం చట్టవిరుద్ధమనీ, ప్రమాదమనీ, చదివితే ఇక వాడు బానిసగా పనికిరాడనీ, వాడికీ సుఖం ఉండదనీ చెప్పాడు.

ఇక్కడ ఒక చిన్న సవరణ. దక్షిణ కరోలినాలో బానిసలకు రాయడం నేర్పకూడదని 1740లోనే శాసనం ఉంది. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ తిరుగుబాటు జరిగిన కాలంలో మరికొన్ని రాష్ట్రాలు అటువంటి శాసనాలు చేశాయి. కానీ మేరీలాండ్‌లో ఆ శాసనం లేదు. ఆల్డ్ దొర చట్టమని చెప్పింది నిజానికి ఆచారం. అమెరికా గురించి మనకు పెద్దగా తెలియకపోయినా ఈ సంగతి మాత్రం బాగా అర్థమవుతుంది. చట్టం లేని చోట ఆచారం ఆ పని చేస్తుంది, చట్టం రద్దయినా ఆచారం చేస్తూనే ఉంటుంది.

ఆ మందలింపు విన్న పిల్లవాడికి గుట్టు తెలిసిపోయింది. నల్లవాణ్ణి తెల్లవాడు ఏ బలంతో అణచి ఉంచుతున్నాడో ఆ రోజు బోధపడింది. యజమాని దేనికి భయపడుతున్నాడో తనకు కావలసింది అదే. తన చదువుకు అమ్మగారి దయ ఎంత సాయపడిందో అయ్యగారి కోపమూ అంతే సాయపడిందని రాశాడు. నాకు తెలిసి ఒక ఉపాధ్యాయుడికి ఇంతకంటే వింతైన గురుదక్షిణ ఎవరూ ఇచ్చి ఉండరు. సోఫియా మాత్రం మారిపోయింది. ఆ మార్పే నాకు పుస్తకంలో అన్నిటికంటే కష్టంగా తోస్తుంది. పాఠం చెప్పిన చేతితోనే తర్వాత పిల్లవాడి చేతిలోని వార్తాపత్రిక లాక్కునేది. గదిలో అలికిడి లేకపోతే ఎక్కడో పుస్తకం పట్టుకుని కూర్చున్నాడని అనుమానించేది.

ఇక అతని బడి వీధి. పనుల మీద బయటికి పంపితే పరుగెత్తి పని ముగించుకుని, మిగిలిన సమయంలో తెల్లపిల్లల దగ్గర పాఠం చెప్పించుకునేవాడు. జేబులో రొట్టె పెట్టుకుని వెళ్లేవాడు. ఆ ఇంట్లో తిండికి లోటు లేదు. ఆ వీధిలోని పేద తెల్లపిల్లలు ఆకలితో ఉండేవారు. వాళ్లకు రొట్టె ఇచ్చి అక్షరం తీసుకునేవాడు. ఆ పిల్లల పేర్లు రాయాలని ఉంది గానీ రాయను అంటాడు. రాస్తే తనకేమీ కాదు, వాళ్లకు ఇబ్బంది. తనను కొట్టిన ఓవర్సీర్ల పేర్లు మాత్రం ఒక్కటీ దాచలేదు. చదువు చెప్పిన పిల్లల పేర్లు దాచాడు.

పన్నెండేళ్ల వయసులో బూట్లు పాలిష్ చేసి కూడబెట్టిన యాభై సెంట్లతో ఒక పుస్తకం కొన్నాడు. ‘కొలంబియన్ ఒరేటర్’ అని బడిపిల్లలకు ఉపన్యాసాలు నేర్పే పుస్తకం. మన చిన్నప్పుడు వక్తృత్వ పోటీలకు బట్టీ పట్టేవాళ్లం చూడండి, అటువంటిది. అందులో ఒక సంభాషణ. మూడోసారి పారిపోయి పట్టుబడ్డ బానిసతో యజమాని వాదిస్తాడు. బానిస ఒక్కొక్క మాటకూ జవాబు చెబుతాడు. చివరికి యజమాని ఓడిపోయి అతణ్ణి విడిచిపెడతాడు. నిజ జీవితంలో అలా జరగదని పన్నెండేళ్లవాడికీ తెలుసు. కానీ జవాబు చెప్పవచ్చునని తెలియడం చిన్న విషయమా?

‘అబాలిషన్’ అనే మాట చుట్టూ ఒక తమాషా ఉంది. పెద్దవాళ్లు ఆ మాట అన్నప్పుడల్లా గొంతు తగ్గించడం గమనించి నిఘంటువు తీసి చూశాడు. రద్దు చేసే క్రియ అని ఉంది. దేన్ని రద్దు చేయడం? ఎవరినైనా అడిగితే ప్రమాదం. చివరికి ఒక వార్తాపత్రికలో, బానిసత్వం రద్దు చేయాలని ఉత్తరాదివాళ్లు కాంగ్రెసుకు అర్జీలు పెట్టుకున్నారన్న వార్త చదివి అర్థం చేసుకున్నాడు. నేను మా విద్యార్థులకు నిఘంటువు చూడమని చెప్పి చెప్పి విసిగినప్పుడల్లా ఈ సంగతి గుర్తుచేసేవాణ్ణి.

రాయడం నేర్చుకున్నది ఓడల కర్మాగారంలో. వడ్రంగులు ఒక్కో దుంగ మీద అది ఓడలో ఏ భాగానికి పోతుందో గుర్తు వేసేవారు. ఎడమ పక్కదైతే ‘ఎల్’, కుడి పక్కదైతే ‘ఎస్’, ముందు భాగానికైతే ‘ఎఫ్’, వెనక భాగానికైతే ‘ఎ’. నాలుగు అక్షరాలు వచ్చాయి. ఇక వీధిలో పిల్లల దగ్గరికి పోయి, నాకూ నీ అంత బాగా రాయడం వచ్చు అనేవాడు. ఏదీ రాయి చూద్దాం అంటే ఆ నాలుగూ రాసి, నీకు ఇంతకంటే వస్తే రాయి అనేవాడు. వాళ్లు రోషంతో రాసినవన్నీ నేర్చుకునేవాడు. ప్రహరీగోడలు, ఇటుకలు, వీధి రాళ్లు కాపీ పుస్తకాలు. సుద్దముక్క కలం. ఇంట్లో చిన్న దొర బడికెళ్లి రాసి పారేసిన కాపీ పుస్తకాల ఖాళీల్లో, ఎవరూ లేనప్పుడు, ఆ అక్షరాల కిందే దిద్దుకునేవాడు. ఇదంతా ఏడేళ్లు పట్టింది. మనం నాలుగు వారాల్లో కంప్యూటర్ నేర్పుతామన్న బోర్డులు చూస్తున్నాం!

ఇక అసలు సంగతికి వస్తాను.

ఈ పాఠం నాకు వచ్చింది యాదృచ్ఛికంగా. అమెరికన్ సాహిత్యం పేపరు చెప్పే సీనియర్ గారికి బదిలీ అయితే నా నెత్తిన పడింది. పుస్తకం మా ఊళ్లో ఎక్కడా దొరకలేదు. అప్పట్లో ఉస్మానియా ఆవరణలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ ఉండేది. రాత్రి బస్సెక్కి వెళ్లి, అక్కడి లైబ్రరీలో నాలుగు రోజులు కూర్చుని నోట్సు రాసుకొచ్చాను. ఆ నోట్సే పిల్లలకు డిక్టేట్ చేసేవాణ్ణి. రచయిత జీవితం, రచనాకాలం, శైలీ లక్షణాలు, పరీక్షలో రాగల ప్రశ్నలు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ మొదటి మూడేళ్లు నేను చెప్పింది పాఠం కాదు.

1987లో అనుకుంటాను, ఒక రోజు ఒక చోటికి వచ్చాం. చదువు వచ్చాక డగ్లస్‌కు సుఖం పోయింది. ఆల్డ్ దొర చెప్పినట్లే జరిగింది. తన స్థితి ఏమిటో తెలిసింది, బయటపడే దారి తెలియలేదు. చదువు వరమా శాపమా అనిపించిందనీ, చదువురాని తోటి బానిసలను చూసి అసూయపడ్డాననీ రాస్తాడు. నేను దాన్ని ‘ఐరనీ’ అని రాయించి తర్వాతి పేరాకు పోయాను. వెనక బెంచీలో ఒక కుర్రాడు లేచాడు. ఏడాదిగా నోరు విప్పనివాడు. ‘మాస్టారూ, ఆ పేరా ఇంకోసారి చదువుతారా?’ అన్నాడు. చదివాను. కూర్చోలేదు. ‘ఇది ఐరనీ కాదు మాస్టారూ’ అన్నాడు. మరేమిటి అన్నాను, కొంచెం చిరాగ్గానే. అప్పుడు చెప్పాడు.

వాళ్ల నాన్న పాలేరు. ఏటికి ఇన్ని బస్తాల వడ్లని జీతం. కామందు దగ్గర కూతురి పెళ్లికి చేసిన అప్పు ఉంది. ప్రోనోటు మూడేళ్లకొకసారి తిరగరాయాలి కదా, లేకపోతే కాలదోషం పడుతుంది. ఆ తిరగరాసే రోజున ఐదో తరగతి చదువుతున్న కొడుకుని వెంట తీసుకెళ్లాడు. కామందు అసలూ వడ్డీ కలిపి ఐదొందలు అని నోటితో చెప్పాడు. నోటు రాసిపెట్టి ఉంది. తండ్రి బొటనవేలు సిరా మెత్తకు అద్దుకుంటుంటే కుర్రాడు కాగితం మీదకి వంగి పైకి చదివాడు. ‘ఎనిమిది వందలని ఉంది నాన్నా’ అన్నాడు.

ఎవరూ ఏమీ అనలేదట. కాసేపటికి కామందు నవ్వి, ‘మీవాడు బాగానే చదువుతున్నాడే’ అన్నాడట. తండ్రి కొడుకు వంక చూడకుండా రెవెన్యూ స్టాంపు మీద వేలు వేశాడు. తిరిగి వస్తుంటే కాలవగట్టు దాకా మాట్లాడలేదు. గట్టెక్కాక, ‘ఇకమీదట ఆళ్ల ముందర పైకి చదవమాక’ అన్నాడు. వారం తిరక్కుండా కామందు కబురు పంపాడు. కుర్రాణ్ణి గేదెల వెంట పంపు, ఏటికి రెండు బస్తాలు ఎక్కువ ఇస్తాను అని. తండ్రి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఒక రాత్రి కొడుకుని నడిపించుకుని పోయి, పక్క టౌనులో సాంఘిక సంక్షేమ హాస్టల్ అరుగు మీద కూర్చోబెట్టి, తెల్లవారాక వార్డెన్‌తో మాట్లాడి చేర్పించి తను పనికి పోయాడు. ఆ ఎనిమిది వందలకూ అన్నగారు రెండేళ్లు పాలేరుగా ఉండి తీర్చాడు.

‘నేను చదవకపోతే ఆ రోజు మా నాన్న తల దించుకునే పని ఉండేది కాదు మాస్టారూ. తెలియకుండా వేలు వేసేవాడు. తెలిసి వేశాడు. అది ఐరనీ కాదు’ అని కూర్చున్నాడు.

గంట ఎప్పుడు కొట్టారో నాకు తెలియదు.

పాలేరుతనమూ అమెరికా బానిసత్వమూ ఒకటేనని నేను అనటం లేదు. పాలేరు బిడ్డను సంతలో అమ్మరు, తల్లిని పన్నెండు మైళ్ల అవతలికి విసిరెయ్యరు. ఆ కుర్రాడే తర్వాత తన పరీక్ష పేపరులో ఆ తేడా నాకంటే బాగా రాశాడు. కానీ ఈ పోలిక మొదట తెచ్చింది మేమిద్దరమూ కాదు. 1848లో పుణెలో ఆడపిల్లలకు బడి పెట్టిన జ్యోతిబా ఫులే, 1873లో ‘గులాంగిరి’ అనే పుస్తకం రాసి, బానిసలను విడిపించిన అమెరికా మంచివారికి దాన్ని అంకితమిచ్చాడు. మన శూద్రాతిశూద్రుల విడుదలకు అది ఆదర్శం కావాలని ఆయన కోరిక. మన తెలుగువాళ్లకు అమెరికా బానిసల చరిత్ర ఎక్కువగా తెలిసింది అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా ఇచ్చాకే. ఇప్పటికీ మీ పిల్లలెవరైనా చదవకపోతే చదివించండి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం ఇంతవరకూ ఏ సభలోనూ చెప్పలేదు. మా నాన్నగారు కరణం. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యే నాటికి ఆయన లేరు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఊళ్లో పేరు. సెలవు రోజుల్లో రైతులు నా చేత ప్రోనోట్లు రాయించేవారు. కింద ‘దస్తూరి’ అని నా పేరు. నోటుకు అర్ధరూపాయి. రాతకూలి అప్పు తీసుకునేవాడే ఇచ్చుకోవాలి. కామందు చెప్పిన అంకె వేసేవాణ్ణి. అవతల గుమ్మం కింద నిలబడ్డ మనిషికి ఏం చెప్పారో, కాగితం మీద ఏం రాయమన్నారో రెండూ నాకు వినిపించేవి. రెండూ కలవని రోజులు ఉన్నాయి. ఒకసారి ఒక ముసలాయన వేలికి సిరా పూసుకుని, ‘ఎంత రాశావు బాబూ?’ అని నన్నే అడిగాడు. నేను కామందు వైపు చూసి, ‘చెప్పినంతే రాశానయ్యా’ అన్నాను. అబద్ధం కాదు కదా! ఆయన వేలు వేశాడు. ఆ అర్ధరూపాయితో నేనేం కొనుక్కున్నానో కూడా జ్ఞాపకం లేదు. ఆ కుర్రాడి కాగితం మీద దస్తూరి నాది కాదు, వాళ్లది వేరే తాలూకా. అది కేవలం అదృష్టం.

మర్నాడు క్లాసులో ఇది చెప్పలేకపోయాను. నోట్సు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లాను. అప్పటినుంచీ పాఠం పిల్లల చేత చదివించడమే. ఒక్కొక్కరూ పైకి చదవాలి, ఆగాలనుకున్న చోట ఆగాలి. సిలబస్ పూర్తి కావడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. నిజమే, పూర్తయ్యేది కాదు.

అలా ఆగిన చోట్ల నేను ఊహించనివి వచ్చేవి. పుస్తకం మొదట్లో గారిసన్, వెండెల్ ఫిలిప్స్ అనే ఇద్దరు తెల్ల పెద్దమనుషుల ముందుమాటలున్నాయి. ఇతను నిజంగా బానిసే, ఇది నిజంగా ఇతనే రాశాడు అని సాక్ష్యం. అట్ట మీద కూడా స్వయంగా రాసినదని వేశారు. ఇంత బాగా మాట్లాడేవాడు బానిసేమిటని జనం నమ్మలేదట. ఒక అబ్బాయి, ‘గెజిటెడ్ ఆఫీసరు అటెస్టేషన్ అన్నమాట మాస్టారూ’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. పదేళ్ల తర్వాత రాసిన రెండో పుస్తకానికి ఉపోద్ఘాతం రాసింది జేమ్స్ మక్యూన్ స్మిత్ అనే నల్లజాతి డాక్టరని చెబితే చప్పట్లు కొట్టారు.

డగ్లస్ పదిహేడేళ్లకే మాస్టారయ్యాడు. 1835లో ఫ్రీలాండ్ అనే రైతు దగ్గర పనిచేస్తూ, ఒక స్వతంత్ర నల్లజాతి మనిషి ఇంట్లో ఆదివారాలు రహస్యంగా బడి నడిపాడు. నలభైమందికి పైగా వచ్చేవారు. అంతకు ముందు ఒకసారి అటువంటి బడి పెడితే కర్రలతో వచ్చి చెదరగొట్టారు. ఆ ఇంటాయన పేరూ పుస్తకంలో దాచాడు. మరుసటి ఏడు నలుగురు మిత్రులతో పారిపోవాలని ప్రయత్నించి, యజమాని రాసినట్లుగా అనుమతి చీటీలు తనే రాశాడు. పట్టుబడ్డారు. దారిలో ఒక మిత్రుడు చీటీ ఏం చేయమంటావని అడిగితే, రొట్టెతో కలిపి తినెయ్యమన్నాడు. బాల్టిమోర్ వీధుల్లో రొట్టె ఇచ్చి తెచ్చుకున్న అక్షరాలు చివరికి రొట్టెతోనే కడుపులోకి పోయాయి. ఈ మాట నాది కాదు, మా విద్యార్థిని ఒకమ్మాయి అన్నది.

ఆ అమ్మాయే ఇంకో ప్రశ్న వేసింది. 1838 సెప్టెంబరు 3న డగ్లస్ నావికుడి వేషంలో, ఎరువు తెచ్చుకున్న నావికుడి కాగితాలతో రైలెక్కి పారిపోయాడు. దానికి డబ్బు సాయం చేసింది ఆనా మర్రే అనే స్వతంత్ర యువతి, ఇళ్లలో పనిచేసి దాచుకున్నది. న్యూయార్కులో పెళ్లి చేసుకున్నారు. నలభై నాలుగేళ్ల కాపురం. ఆయన పత్రిక నడిపాడు, దేశదేశాల్లో ఉపన్యసించాడు. ఆమె 1882లో పోయేదాకా దాదాపు చదువు రాకుండానే గడిపింది. ‘నలభైమందికి నేర్పినాయన ఆమెకెందుకు నేర్పలేదండీ?’ అని అమ్మాయి అడిగింది. నేను ఇంటికొచ్చి మా ఆవిడను చూశాను. ఆవిడ ఎస్సెస్సెల్సీ దగ్గర ఆగిపోయింది. ఆపింది మా అమ్మ, నేను అడ్డు చెప్పలేదు. ఆవిడ ఇక్కడే మూడో వరసలో ఉంది, ఇంతటితో ఈ విషయం వదిలేస్తాను.

పుస్తకం అచ్చయిన నాలుగు నెలల్లో ఐదు వేల ప్రతులు అమ్ముడుపోయాయి. ఊళ్లూ పేర్లూ రాశాడు కాబట్టి పట్టుకుపోతారన్న భయంతో ఇంగ్లండు వెళ్లిపోయాడు. 1846లో అక్కడి స్నేహితులు నూట యాభై పౌన్లు చందా వేసి అతణ్ణి అతనికే కొనిపెట్టారు. అప్పుడు గానీ స్వదేశంలో స్వేచ్ఛగా తిరగలేకపోయాడు.

చదువు మనిషిని కుదురుగా ఉండనివ్వదన్న ఆల్డ్ దొర మాట మన దగ్గరా రుజువైంది. అక్షరాస్యతా ఉద్యమం రోజుల్లో, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడి వాచకంలో సారా గురించిన పాఠం చదువుకుని, ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు.

నేను చెప్పిన కుర్రాడు హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారయ్యాడు. 2002లో నా పదవీ విరమణ సభకు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పెద్దాయన కూడా రాత్రిబడిలో సంతకం నేర్చుకున్నాడట. వృద్ధాప్య పింఛను దగ్గర సంతకం పెడితే, పోయిన నెలదానికీ దీనికీ పోలిక లేదు, వేలే వెయ్యి అన్నారట. ‘నేర్చుకున్నాక కూడా వేలే అడుగుతున్నారండీ’ అని నవ్వాడు. ఇప్పుడు మన సంగతీ అంతే అయింది. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక డిగ్రీలన్నీ పక్కనపెట్టి మిషను మీద వేలు పెట్టి బతికే ఉన్నామని చెప్పుకుంటున్నాం. వేళ్లు అరిగిపోయి మిషను ఒప్పుకోకపోతే అదొక తిప్పలు.

ఆ రోజు సభ అయ్యాక, దండలు తీసేసి ఆయన పక్కన కూర్చున్నాను. కొడుకు కాఫీకి వెళ్లాడు. ఇన్నేళ్లూ గొంతులో ఉన్నది ఆయనకే చెప్పాలనిపించింది. ‘చిన్నప్పుడు నేనూ ప్రోనోట్లు రాశానండీ. అంకె తేడా ఉందని తెలిసీ రాశాను’ అన్నాను. ఆయన నా వైపు కాసేపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను, లేదా ఓదారుస్తాడనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

‘నోటుకి ఎంత తీసుకునేవోరు?’ అని అడిగాడు.

‘అర్ధరూపాయి’ అన్నాను.

‘మా ఊళ్లో రూపాయండీ’ అన్నాడు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.